అంచు కట్టిన బొంత

కూతురు ఫిజియోథెరపీకి వెళ్ళిందంటే గంటన్నర దాకా తిరిగి రాదు. ఆ గంటన్నరలోనే తల్లి బొంత పని పెట్టుకునేది. వీధి తలుపు గడియ వేసి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, పాత జెర్సీలు ఒక్కొక్కటే తీసి కుట్టు బల్ల మీద పరిచేది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ముందుగదిలోనే మిషను తొక్కుతోంది. చొక్కాలు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు ఎన్ని కత్తిరించిందో లెక్కే లేదు. గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు ఏనాడూ రెండోసారి కొలవని మనిషి, ఈ బొంత దగ్గరికి వచ్చేసరికి ప్రతి ముక్కనీ మూడేసి సార్లు కొలుస్తోంది.

పిల్లకి పందొమ్మిదేళ్ళు. పదో ఏట నుంచి వాలీబాల్ ఆడుతోంది. నెట్ దగ్గర అది ఎగిరే తీరు చూసి కోచ్ సారు ‘మిడత’ అని పేరు పెట్టారు. ఆ పేరే వీధంతా పాకి, ఇంట్లోనూ అసలు పేరు మరుగున పడిపోయింది. ఏడాది కిందట ఒక ఆటలో పైకి లేచిన మిడత కింద పడడంలో కుడి మోకాలు మెలిక పడింది. ఒక ఆపరేషను చేశారు. అది అతక్క రెండోది చేశారు. ఆ తర్వాత డాక్టరు తల్లిని ఒక్కదాన్నే గదిలోకి పిలిచి చెప్పాడు. నడుస్తుంది, మెట్లెక్కుతుంది, ఎగరడం మాత్రం ఇక లేదు.

“అమ్మాయికి నేను చెప్పనా, మీరు చెబుతారా?” అని అడిగాడు.

“నేనే చెప్పుకుంటానండీ” అంది తల్లి.

నలభై రోజులైంది. చెప్పలేదు.

అన్నం దగ్గర చెబితే తినదు. పడుకునే ముందు చెబితే నిద్రపోదు. ఇంటాయనతో అంటే ఆయన చేతిలో పేపరు నాలుగు మడతలు పెట్టి, “నువ్వయితే మెల్లగా చెబుతావు, నావల్ల కాదు” అని జారుకున్నాడు. ఇక పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి అడిగేది: “ఆ కాళ్ళు నువ్విచ్చినవే కదా స్వామీ. తీసుకునేవాడివి ఆ మాటేదో నువ్వే దానికి చెప్పొచ్చు కదా, మధ్యలో నన్నెందుకు పెట్టావు?” అడిగినందుకు వెంటనే తప్పయిందని మళ్ళీ దణ్ణం పెట్టుకునేది.

అలా ఉండగా బొంత ఆలోచన వచ్చింది. పదో ఏట వేసుకున్న జెర్సీ మొదలుకుని ఏడాదికొక చదరం. కుట్టడం అయ్యాక పిల్ల ఒళ్ళో వేసి, అది చూస్తూ మురిసిపోతున్నప్పుడు పక్కన కూర్చుని మాట చెప్పేద్దామనుకుంది.

జెర్సీ గుడ్డ పొగరుబోతు గుడ్డ. లాగితే సాగుతుంది, కత్తెర కింద జారిపోతుంది. అందుకని ప్రతి ముక్కకీ వెనక గట్టి గుడ్డ అంటించి ఇస్త్రీ చేసింది. వేడికి నంబర్ల మీది రబ్బరు కరిగిపోతుందని పైన పల్చటి నూలుగుడ్డ పరిచింది. చదరాల నడుమ కోర్టు గీతల్లాగా తెల్లని పట్టీలు వేసింది. వాటి మీద నెట్ కళ్ళలా నిలువూ అడ్డం కుట్లు. అడుగున మెత్తబడిన పాత దుప్పటి, మధ్యలో పల్చగా దూది.

డాక్టరు మాటా, ఈ బొంత సంగతీ బయటివాళ్ళలో పక్కింటి కాజాల వదినకి ఒక్కతికే తెలుసు. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టి ఇస్తుంది కాబట్టి ఆమెకా పేరు. గుండీల డబ్బా పట్టుకుని వచ్చి, బల్ల మీది చదరాలు చూసి ముక్కున వేలేసుకుంది.

“అమ్మో, ఇదేం బొంత వదినా! కప్పుకుంటే నిద్ర పడుతుందా, కలలో కూడా ఆడించేస్తుందా?”

“నువ్వు నోరు మూసుకుని ఆ సూదిలో దారం ఎక్కించు.”

“ఎక్కిస్తాలే. మీ ఆయన గురక విని విజిలేశారనుకుని పిల్ల లేచి సర్వీసు చేస్తుందేమో, చూసుకో!”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే వదిన చెయ్యి చదరాల మధ్య ఖాళీగా వదిలిన చోట ఆగింది.

“ఇక్కడేం పెడతావు?”

తల్లి పెట్టెలోంచి పదకొండో నంబరు జెర్సీ తీసింది. నీలం రంగు. చివరి ఆటలో వేసుకున్నది.

“ఇది పాతది కాదు కదా వదినా. పిల్లని అడిగావా?”

“అడిగితే ఎందుకంటుంది.”

“అంటుందిగా మరి.”

“ఎందుకో చెప్పాలిగా.”

కత్తెర నీలం గుడ్డలోకి దిగిన చప్పుడు విని, వదిన గుండీల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ముక్కలన్నీ చేరేదాకా అంచు కట్టకూడదన్నది ఆ ఇంట్లో కుట్టుపనికి మొదటి పాఠం. అంచు కట్టాక ఇంకో ముక్క చేర్చాలంటే పనంతా విప్పుకోవాల్సిందే. మిడత ఏడేళ్ళప్పుడు బొమ్మకి దుప్పటి కుడుతూ ఆ పాఠం తల్లి దగ్గరే నేర్చుకుంది. తల్లికి అది గుర్తు రాలేదు. పదకొండో నంబరు మధ్యలో కుదురుగా కూర్చున్నాక, చేతి అలవాటు కొద్దీ చుట్టూ తెల్లపట్టీ తిప్పి, నాలుగు మూలలూ మడిచి, అంచు కట్టేసింది.

మర్నాడు మిడత వేళ కాకముందే వచ్చి తలుపు తట్టింది. తల్లి గబగబా బొంతని మిషను మీదికి తోసి పైన గుడ్డ కప్పి, తలుపు తీసింది. మిడత మొహం వెలిగిపోతోంది.

“అమ్మా, ఇవాళ మోకాలు ఎంత వంగిందో తెలుసా? నూట ఇరవై డిగ్రీలు! కోచ్ సారు ఫోన్ చేశారు. సోమవారం నుంచి గ్రౌండుకి రమ్మన్నారు. ఊరికే నిలబడి సర్వీసులు చెయ్యమన్నారు, అంతే. నా పదకొండేదీ?”

“ఉతకడానికి వేశా.”

“ఏడాదిగా వేసుకోని దాన్నా?”

“ముందు అన్నం తినవే.”

మిడత లోపలికి వెళ్ళి పెట్టె లాగింది. మూత లేచిన చప్పుడైంది. పెట్టెలో జెర్సీల చేతులూ కాలర్లూ మాత్రమే మిగిలి ఉన్నాయి. ఒక నీలం చెయ్యి పట్టుకుని బయటికి వచ్చి, నేరుగా మిషను దగ్గరికి నడిచి, కప్పిన గుడ్డ లాగేసింది.

మొదట నవ్వు వచ్చింది దానికి. “ఇది నా మొట్టమొదటిది! ఇది స్కూల్ టీముది, ఈ సిరా మరక ఇంకా పోలేదు చూడు…” అంటూ వేలితో ఒక్కో ఏడాదినీ తాకుతూ వచ్చింది. మధ్యలో తన పదకొండుని తాకింది. టైలరు కూతురు కదా, వేలు అక్కడ ఆగలేదు. అంచు దాకా వెళ్ళి, అంచు పట్టుకుని బొంత చుట్టూ తిరిగింది. నాలుగు మూలలూ తడిమి చూసింది.

“అంచు కట్టేశావేంటమ్మా?”

తల్లి మిషను మీది దారపు ముక్కలు ఏరసాగింది.

“వచ్చే ఏడాది చదరం ఎక్కడ పెడతావు?”

“విప్పేస్తానే. ఎంతసేపు, ఇట్టే విప్పేస్తా” అంటూ తల్లి కత్తెర కోసం వెతికింది. కళ్ళెదుటే ఉన్నా కనపడలేదు.

“నేనడిగింది అది కాదు. డాక్టరు నీకేం చెప్పాడు?”

“ఆయనేదో చెబుతాడు. పైన దేవుడున్నాడు…”

“దేవుణ్ణి నేను తర్వాత అడుగుతాలే. ఎప్పుడు చెప్పాడు?”

“నలభై రోజులైంది.”

మిడత కుర్చీలో కూర్చుంది. కుడికాలు అలవాటుగా ముందుకి చాపింది.

“నలభై రోజులు పొద్దున్నే లేపి, డబ్బా కట్టి పంపావు. ఇవాళ ఎంత వంగిందే అని అడిగావు. నేను నొప్పికి ఏడుస్తూ చెబితే, ఇంకా వంగుతుందిలే అన్నావు. నాన్నకి తెలుసా?”

తల్లి తల ఊపింది.

“కాజాలత్తకి?”

మళ్ళీ తల ఊపింది.

“కాలు నాది. తెలియంది నాకొక్కదానికే.”

“నీ మొహం చూస్తే నాకు నోరు రాలేదే తల్లీ.”

“ఇప్పుడు చెప్పు.”

“తెలిసిపోయింది కదే, ఇంకేం చెప్పను?”

“బొంత చెప్పింది. నువ్వు చెప్పలేదు. నువ్వు చెబితేనే నమ్ముతాను. లేకపోతే సోమవారం గ్రౌండుకి వెళ్తాను. వెళ్ళి ఎగురుతాను.”

ఆ పని చేసే పిల్లేనని తల్లికి తెలుసు. మెల్లగా వచ్చి దాని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. మోకాలి మీద కుట్ల మచ్చ రెండు వరసలుగా ఉంది. ఎవరో మంచి చేతి పనివాడు కుట్టిన కుట్లు. అలవాటుగా దేవుణ్ణి తలుచుకోబోయి మానుకుంది. ఈ మాట ఆయన మీదికి తోసేది కాదు.

“నువ్వింక ఎగరకూడదు తల్లీ” అంది. గొంతు మామూలుగానే వచ్చింది. అది చూసి తనకే భయం వేసింది. “నడుస్తావు. మెట్లెక్కుతావు. ఆట మాత్రం లేదు.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ.”

మిడత చిన్నపిల్లలా “ఊఁ” అంది. మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని, “ఇంకోసారి చెప్పమ్మా” అంది.

తల్లి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి మాట మధ్యలో కొంగుతో రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. అయినా ఆపకుండా చివరిదాకా చెప్పింది.

మూడోసారి అడగలేదు మిడత. చేతిలోని నీలం చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, మడతలు సాపు చేసి, దాని మీదికి వంగిపోయింది. వీపు ఎగిరెగిరి పడుతోంది. తల్లి లేచి ఆ వీపు మీద చెయ్యి వేయబోయింది.

“ఇప్పుడొద్దమ్మా.”

తల్లి చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే, అందేంత దూరంలో, నేల మీద కూర్చుండిపోయింది.