ఎదురు బండి

సోమయాజులు గారు గడప దాటేదాకా సౌభాగ్యలక్ష్మి వంటింట్లోంచి బయటికి రాకూడదు. చీకటితో లేచి ఆయన స్నానానికి నీళ్ళు కాచి, క్యారియరు సర్ది, ఆపైన తలుపు చాటున నిలబడాలి. ఏలూరు ఆఫీసుకి బయల్దేరే మనిషికి విధవ ఎదురుకాకూడదు మరి. వండిపెట్టిన చేతులకి లేని దోషం ముఖానికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు. పోయిన ఆమె భర్తకి ఆయన అన్నగారు. మరదలితో నేరుగా మాట్లాడరు. "ఆవిణ్ణి కాస్త లోపల ఉండమను" అని భార్య అహల్యతో అంటారు.

ముప్పై దాటాక అక్షరాలు దిద్దుకుని, పరీక్ష ప్యాసై తెచ్చుకున్న ఉద్యోగం సౌభాగ్యలక్ష్మిది. చెరువు మాధవరం బళ్ళో, మామిడితోటల కాపలావాళ్ళ ఆడపిల్లలకి కుట్టు నేర్పాలి. పొద్దున్నే పల్లెలన్నీ బెజవాడకి వస్తుంటే ఆమె బెజవాడ నుంచి పల్లెకి వెళ్ళేది. ఖాళీ రైలు పెట్టెలో కిటికీ పక్కన ముప్పావుగంట. రోజు మొత్తంలో ఎవరూ ఏదీ అందించమనని ముప్పావుగంట అదే.

బండి ఏడింటికి. బావగారు కదిలేది మాత్రం వర్జ్యం చూసుకుని. ఈ నెలలో రెండుసార్లు బండి తప్పింది. "మూడోసారైతే పైకి రాయక తప్పదమ్మా" అన్నారు హెడ్మాస్టరు క్రీస్తుదాసు గారు, తల వంచుకుని.

నిన్న కొండపల్లిలో ఎదురు బండి పక్కనే ఆగింది. మామిడి గంపలు, పాలక్యాన్లు, గుమాస్తాలు. కిటికీల నిండా ముఖాలు ఆమె బొట్టులేని ముఖాన్ని చూశాయి. బండి కూతవేసి బెజవాడ వెళ్ళిపోయింది. ఏడాదిగా రోజూ తనకి ఎదురవుతోంది, రోజూ క్షేమంగా చేరుతోంది. ఒక్కరూ దిగి ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కోలేదు. నవ్వు రావలసిన మాటే. కానీ తలుపు చాటున గడిచిన పన్నెండేళ్ళు గుర్తొచ్చి, మాధవరం దాకా కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఇవాళ ఆరున్నర దాటినా ఆయన వర్జ్యం పోలేదు. పోయాక లేచి చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా, ఆమె సంచీ భుజాన వేసుకుని వంటింట్లోంచి వచ్చింది. ముఖాలు ఎదురయ్యాయి. ఆయన చెప్పులు విడిచి, వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. శకునం విరుగుడుకి కూర్చుని నీళ్ళు తాగాలి. "మంచినీళ్ళు" అన్నారు, ఎటూ చూడకుండా. ఆ నీళ్ళు అందించేదీ ఎప్పుడూ ఆమే, తలుపు సందులోంచి.

"చెంబు కుండ పక్కనే ఉంది బావగారూ. నా బండికి వేళయింది."

పన్నెండేళ్ళలో ఆయనతో అన్న మొదటి మాట అది. గడప దాటింది. అహల్య రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని, నోటిదాకా వచ్చిన పిలుపుని మింగేసింది.