అన్నయ్య వదిలేసిన సీటు

హాజరు పుస్తకం ఇంకా మూయకముందే డౌటమ్మ చెయ్యెత్తింది. ప్రతిదానికీ ప్రశ్న వేస్తుందని తోటిపిల్లలు పెట్టిన పేరది.

"టీచర్, మీ అన్నయ్య రాజీనామా చేశారంట కదా! ఇప్పుడు పార్లమెంటులో ఆయన సీట్లో ఎవరు కూర్చుంటారు?"

టీచర్ చేతిలో కలం ఆగిపోయింది. ఆమెకు ఆ సంగతే తెలియదు. ఎనిమిది నెలల క్రితం ఆ అన్నయ్య కోసమే చెప్పులరిగేలా ఎండలో తిరిగింది. "ఐదేళ్లూ మీతోనే ఉంటాడు, నాదీ పూచీ" అని ఇంటింటా చెప్పింది. ఈ పిల్లల తల్లిదండ్రులు ఆమె ముఖం చూసే ఓటేశారు.

"ఎవరన్నారు?"

"పొద్దున రేడియోలో చెప్పారు. ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగమట."

టీచర్ హాజరు పుస్తకం మూసి పక్కన పెట్టింది. పిల్ల అడిగింది, చెప్పక తప్పదు.

"సీటు ఆయనది కాదమ్మా, మన నియోజకవర్గానిది. సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా అది ఖాళీ అయిందని ప్రకటిస్తారు. అప్పుడు ఎన్నికల సంఘం తేదీ పెడుతుంది. దాన్నే ఉప ఎన్నిక అంటారు."

"దేశమంతా మళ్లీ ఓటెయ్యాలా?"

"లేదు, మనం మాత్రమే. గెలిచినవాళ్లు మిగిలిన కాలమే ఉంటారు."

"ఎందుకంత శ్రమ? పోయినసారి రెండో స్థానంలో వచ్చినాయనకి ఇచ్చేస్తే పోలా?"

పిల్లలు గొల్లుమన్నారు. టీచర్ నవ్వలేదు. "మనల్ని అడక్కుండా అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టకూడదు."

డౌటమ్మ చెయ్యి మళ్లీ లేచింది. "మరి మీ అన్నయ్య మనల్ని అడక్కుండా ఎలా వెళ్లిపోయారు?"

"అది ఆయన్నే అడగాలి" అంది టీచర్.

మధ్యాహ్నం అన్నయ్యకు ఫోన్ చేసింది.

"నీకు చెబుదామనే అనుకున్నానే. తీరిక చిక్కలేదు."

"రేడియోవాళ్లకి చెప్పడానికి చిక్కిందా?"

"అబ్బ, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. కావాలంటే నువ్వే నిలబడు. నిన్ను చూసి జనం కళ్లు మూసుకుని వేస్తారు."

"ఒకసారి అలాగే వేశారన్నయ్యా. నన్ను నిచ్చెన చేసుకుని ఎక్కావు. దిగేముందైనా ఒక్క మాట చెప్పాల్సింది."

మీటింగుందంటూ అతను పెట్టేశాడు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే వీపున మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి ఇతనేనా అనుకుంది. కళ్లు తుడుచుకుని మధ్యాహ్నం క్లాసుకు వెళ్లింది.

ఆ ఆదివారం నుంచి మళ్లీ అవే ఇళ్ల మెట్లెక్కింది, ఈసారి ఎవరి తరఫునా కాదు. "నా పూచీ నిలబడలేదు, క్షమించండి. ఓటు మాత్రం మానకండి. ఎవరికి వేయాలో నేను చెప్పను, నిలబడ్డవాళ్లనే నిలదీసి అడగండి" అంది. కొందరు మంచినీళ్లిచ్చారు. కొందరు తలుపు సగమే తీశారు. డౌటమ్మ నాయనమ్మ మాత్రం ముఖం మీదే అడిగేసింది.

"నీకు తెలియక చెప్పావు, సరే తల్లీ. నష్టం మాకేగా?"

"అవునండీ" అని తలొంచుకుని నిలబడింది టీచర్.

ఉప ఎన్నికలో అన్నయ్య పార్టీ ఓడిపోయింది. బస్సు కార్మికుల సంఘం నాయకురాలు గెలిచింది. ఆ సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు.

"చూశావా, నువ్వు నిలబడుంటే మనమే గెలిచేవాళ్లం!"

"ఆ మనంలో నేను లేనన్నయ్యా" అని ఈసారి ఆమే పెట్టేసింది.