పద్నాలుగో వరసలో మెట్ల పక్క కుర్చీ

మా ఆయన ఓరెస్ట్‌కి బుద్ధి లేదని నేననను. ఉంది. కాకపోతే జూన్ నుంచి నవంబరు దాకా దాన్ని తీసుకెళ్ళి కెనడాలోని మా రెజైనా ఊరి ఫుట్‌బాల్ జట్టు దగ్గర పెట్టి వస్తాడు. జట్టు గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు మళ్ళీ ఓడేదాకా ఉతకనివ్వడు. కిందటేడు ఆ మేజోళ్ళు తళతళలాడాయి. వరసగా తొమ్మిది ఆటలు ఓడాం.

తొమ్మిదో ఓటమితో ఆయనకి కారణం దొరికింది. కోచ్ కాదట, ఆటగాళ్ళూ కాదట. మా పక్క కుర్చీలో కూర్చునే ఎల్మర్ వీబ్ గారట. ఆయన పాత ఆకుపచ్చ టోపీ పారేసి కొత్తది కొన్నప్పటి నుంచే మాకీ దరిద్రం పట్టిందట.

వీబ్ గారు ఎనభై దాటిన రైతు. డేవిడ్‌సన్ ఊరి దగ్గర పొలం కొడుక్కి అప్పగించేసి, ఆట ఉన్న రోజు మాత్రం గంటన్నర బండి నడుపుకుంటూ వస్తారు. పద్నాలుగో వరసలో మెట్ల పక్క కుర్చీ ఎన్నో ఏళ్ళుగా ఆయనది. పక్కనే నేను. ఆయన పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు నా బూట్ల మీద ఊస్తారు. ప్రతి ఎత్తునీ నాకు విడమర్చి చెబుతారు. నేనూ పక్కనే కూర్చుని అన్నేళ్ళుగా ఆ ఆట చూస్తున్నానన్న సంగతి ఆయనకి తట్టదు.

మా దగ్గర ఏడాది మొత్తానికి సీటు కొనుక్కున్నవాళ్ళు ఫిబ్రవరి ఆఖరులోగా జట్టు ఆఫీసులో ఫారం ఇస్తే మళ్ళీ అదే సీటు. లేకపోతే అది వేరేవాళ్ళకి పోతుంది. ఈ ఫిబ్రవరిలో వీబ్ గారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. చూడ్డానికి వెళ్ళిన ఓరెస్ట్ చేతిలో ఫారం నింపిన కవరు పెట్టారు. ఫోన్లో నొక్కడం తనకి రాదని, ఆ ఆఫీసు మీదుగానే పనికి పోతాడు గనక ఇచ్చేయమని చెప్పారు.

ఫిబ్రవరి ఇరవై ఏడున అద్దం మీద మంచు గీకే చెక్క కోసం బండిలో వెతుకుతుంటే ఎండ తెర వెనక ఆ కవరు కనిపించింది. గడువు ఇంకో రోజుంది. ఆఫీసు పది నిమిషాల దూరం. మైనస్ ముప్పై చలిలో ఎవరు వెళ్తారు అనుకున్నాను గానీ బండి ఇంజను అప్పటికే ఆన్‌లో ఉంది. ఒక్క ఏడాది పొట్టు లేని బూట్లతో, పాఠాలు లేకుండా ఆట చూడొచ్చు కదా అనిపించింది. కవరు తీసినచోటే దోపేశాను. కంగారులో తలకిందులుగా దోపాను. ఓరెస్ట్ అది గమనించాడు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మా మధ్య అంత ఐకమత్యం ఎన్నడూ లేదు.

జూన్‌లో ఆ కుర్చీలోకి ఎవరో కుర్రాడు వచ్చాడు. ఫోన్లోంచి తలెత్తడు. మొదటి నాలుగు ఆటలూ గెలిచాం. నాలుగోది గెలవగానే ఓరెస్ట్ నాకేసి చూసి కనుబొమలెగరేశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సెప్టెంబరు మొదటి ఆదివారం విన్నిపెగ్ వాళ్ళతో ఆట. మా జట్టు రంగు ఆకుపచ్చ గనక ఆ రోజు ఊరు ఊరంతా పుచ్చకాయ డొల్లలు నెత్తిన బోర్లించుకుని వస్తుంది. సగం ఆట అయ్యాక, పై అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూం దగ్గర క్యూ చిన్నగా ఉంటుందని మెట్లెక్కాను. చిట్టచివరి వరసలో, అటు పదిమంది ఇటు పదిమంది మధ్య, వీబ్ గారు కనిపించారు. నెత్తిన డొల్ల, ఎండకి మొహం దానిలోపలి రంగే.

చెయ్యి ఊపి పిలిచారు. మోకాళ్ళు దాటుకుంటూ ఆయన దగ్గరకి వెళ్ళక తప్పలేదు. సీటు సంగతి నేనడగకుండానే ఆయనే చెప్పారు. ఓరెస్ట్ ఫారం ఇచ్చాడట, ఆఫీసులో ఎక్కడో పోయి ఉంటుందట. ఇచ్చానని మా ఆయన ఫోన్లో చెప్పిన సంగతి నాకప్పుడే తెలిసింది.

"ఓరెస్ట్‌ని ఏమీ అనకమ్మా," అన్నారు. "నా పని అతని నెత్తిన పెట్టినందుకు నాకే సిగ్గుగా ఉంది."

ఆయన పెదవులు పగిలి ఉన్నాయి. నా చేతిలోని నిమ్మరసం ఇవ్వబోతే వద్దన్నారు. "తాగితే దిగాలి. దిగితే ఈ మోకాలితో మళ్ళీ ఎక్కలేను. పొద్దుట్నుంచీ గొంతులో చుక్క పోయలేదు. ఒంటెనైపోయాననుకో," అని నవ్వి, గింజల పొట్లంలో సగం ఓరెస్ట్‌కివ్వమని నా చేతిలో పోశారు.

కిందికొచ్చి అంతా ఓరెస్ట్‌కి చెప్పాను. గింజలు చూసి ఆయన మొహం పాలిపోయింది. అయినా గొణిగాడు, ఇప్పుడు మనమే ముందున్నాం, ఆటయ్యేదాకా ఆయన్ని కిందికి పిలవకుండా ఆగమని. ఆగాను. అదీ నా ఖాతాలోదే.

చివరి నిమిషంలో, స్కోరు సమానంగా ఉండగా, విన్నిపెగ్ వాడు గోలుకి గురిపెట్టి తన్నిన బంతి గురి తప్పి వెనక గీత దాటిపోయింది. గురి తప్పినా బంతి అంతదూరం పోతే ఒక పాయింటు ఇచ్చే ఆట మాది. ఆ ఒక్క పాయింటుతో ఓడాం.

జనం వెళ్ళిపోతున్నారు. వీబ్ గారు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగుతున్నారు. ఓరెస్ట్ అవతలి దారిన పోదామన్నాడు. నేను మా ఆయన చొక్కా వదల్లేదు. పద్నాలుగో వరస దగ్గరికి రాగానే వీబ్ గారు అలవాటుగా ఆ కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకున్నారు.

ఓరెస్ట్ గొంతు సవరించుకున్నాడు. "వీబ్ గారూ, ఆ ఫారం... అసలేమైందంటే, బండిలోనే మరిచిపోయానండీ."

"ఓస్, అంతేనా," అన్నారాయన. "మరుపు ఎవరికి రాదయ్యా?"

అక్కడితో వదిలేసినా సరిపోయేది. ఓరెస్ట్ వదిలేద్దామన్నట్టే నాకేసి చూశాడు.

"మరుపు కాదండీ," అన్నాను. "ఆయన కావాలనే ఇవ్వలేదు. నేను గడువుకి ముందురోజు కవరు చూశాను, చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను. మీరు పక్కన లేకపోతే నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. తప్పు చేశాను, వీబ్ గారూ."