పార దాచిన దేనక్

మా నాన్న విబియస్ రోము సైనికుడు. కర్రే యుద్ధంలో మన రాజు సైన్యానికి పట్టుబడి, నడుముకు తాడుతో తూర్పున ఉన్న మా ఊరు మర్వు దాకా నడిచొచ్చాడు. మా తాత స్పోసక్ ద్రాక్షతోటలో పనికి పెట్టారు. వచ్చిన ఏడే ఘనకార్యం చేశాడు. వాళ్ల దేశంలో తీగల్ని చెట్లకు కట్టి పైకి పాకిస్తారట, ఇక్కడా ఒక వరుసకు అలాగే చేసి చలికాలమంతా వదిలేశాడు. మంచు పడకముందే తీగను కిందికి దించి, పడుకోబెట్టి, మట్టి కప్పాలని మర్వులో చంటిపిల్లకైనా తెలుసు. తాత అప్పుడు జ్వరంతో మంచాన ఉన్నాడు, నాన్నకు ఆ సంగతి చెప్పినవాడు లేడు. వసంతానికి ఆ వరుసంతా చచ్చింది.

కాపలావాడు కొరడా తీశాడు. తాత మంచం మీంచి లేచొచ్చి అడ్డుపడ్డాడు.

"వాడికి నువ్వు చెప్పావా? నేను చెప్పానా? మరి కొడతావేంట్రా?"

అని నాన్న చేతికి పార ఇచ్చి, చచ్చినచోటే కొత్త వరుస నాటించాడు. కొన్నేళ్లకు తన కూతుర్నీ, అంటే మా అమ్మనీ, ఇచ్చాడు.

నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, తాత పోయాక, మన రాజుకూ రోము ప్రభువుకూ సంధి కుదిరింది. మనం యుద్ధంలో గెలుచుకున్న రోము గద్ద జెండాలతో పాటు బతికున్న బందీల్నీ అప్పగించాలట. అందరూ కోట ముందుకు రావాలని చాటింపు వేశారు, రానివాడి ఇల్లు తగలబెడతామన్నారు. రాజులకు స్నేహం కుదిరితే మా పొయ్యి ఆరిపోవాలా అని నేను నిప్పులు చెరిగాను. నాన్న మాత్రం రోము ఉన్న పడమటికి తిరిగి కూర్చుని రొట్టె తినేవాడు.

మాలో ఒక కట్టుబాటుంది. తీగ మీద మట్టి కప్పిన చెయ్యే వసంతంలో దాన్ని లేపాలి. అప్పటిదాకా ఆ మనిషిని తోటలోంచి రాజైనా తీసుకుపోకూడదు. చలికి ముందు మట్టి కప్పే రోజులవి; చాటింపు విన్న మరుక్షణమే రోము అల్లుళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు మొగుళ్ల చేతికి పారలిచ్చి తోటల్లోకి తరిమారు. మా అమ్మ దేనక్ మాత్రం పార దాచేసింది. మిగతా వరుసలన్నీ తనే చిన్న తవ్వుకోలతో కప్పుకుంటూ వచ్చి, నాన్న నాటిన వరుస దగ్గర ఆగిపోయింది.

పిచ్చి పట్టిందా అని అరిచాను. అమ్మ చేతులు దులుపుకుంది.

"ఆయన్ని వచ్చేటప్పుడు తాడేసి తెచ్చారే. ఇప్పుడు నేను కూడా కట్టేయనా? వాళ్లమ్మ ఊరు చూడాలనుంటే చూసి రానీ."

వెళ్తే తిరిగి రాడని ఆమెకూ తెలుసు. కోటకు వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం దారికి రొట్టెలు, ఎండుద్రాక్ష మూటకట్టింది. ఏడవలేదు. నాకు ఆమె మీద కోపం, ఆయన మీద అంతకంటే కోపం.

తెల్లారి చూస్తే నాన్న పక్క ఖాళీ. చెప్పకుండానే పోయాడనుకున్నాం. అమ్మ మూట చేత్తో పట్టుకుని గబగబా తోటగుండా కోటదారి పట్టబోయింది, వెనకే నేను. తాత నాటించిన వరుసలో, మోకాళ్ల మీద కూర్చుని, వట్టి చేతుల్తో మట్టి తోడి కప్పుతున్నాడు ముసలాయన. గోళ్లలోంచి నెత్తురు వస్తోంది.

చాటింపు ప్రకారం ముగ్గురం కోటకు వెళ్లాం, అమ్మ చేతిలో మూటతోనే.

కోట దగ్గర సేనాని మర్వు మనిషే, మా కట్టుబాటు తెలిసినవాడు. నాన్న మట్టి పట్టిన రెండు చేతులూ చాపి చూపించాడు. సేనాని నవ్వాడు.

"ఈ ఏడు రోమువాళ్లంతా ద్రాక్ష మీదే పడ్డారే. సరే పో, వసంతంలో చూద్దాం."

వసంతంలో ఆయన కోసం ఎవరూ రాలేదు. కోట దగ్గర ఆ రోజే, రోముకు వెళ్లిపోతున్న ఒక పాత తోటి సైనికుడి చేతిలో నాన్న ఆ ఎండుద్రాక్ష మూట పెట్టి, తల్లి సమాధి మీద కాసిని వేయమన్నాడు.

తిరిగొస్తుంటే అమ్మ ముందు నడిచింది, వెనక్కి చూడలేదు. తోట గట్టు దగ్గర నాన్న పిలిచాడు. ఇన్నేళ్లైనా ఆయన మాటకు యాస పోలేదు.

"దేనక్. నువ్వు పార ఇచ్చుంటే నేను ఉండిపోయినట్టు కాదు, నన్ను ఉంచేసినట్టు. మీ నాన్న పార ఇచ్చి బతికించాడు. నువ్వు దాచి బతికించావు."

అమ్మ అప్పుడు ఏడ్చింది. వాళ్లిద్దర్నీ నాకిచ్చిన దేవుళ్లందరికీ నేను అక్కడే నిలబడి దండం పెట్టుకున్నాను. అమ్మ కళ్లు తుడుచుకుని ఇంట్లోకెళ్లి, పిండి గాదె వెనకనుంచి పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా రెండు తీగలు మిగిలాయి" అంది.