రెండు వైపులా మంత్రగత్తె

ఏడో గుంజ దగ్గర ఓర్ట్విన్ మోకాలు వంచి, రేకు అచ్చును చెక్కకు ఆనించి తెల్లరంగు అద్దాడు. అచ్చు తీసేసరికి చీపురెక్కిన మంత్రగత్తె తూర్పుకు ఎగురుతూ కనిపించింది. చీపురు కొసన కారిన చుక్కను బొటనవేలితో తుడిచాడు.

హార్జ్ కొండల్లోని మంత్రగత్తెల దారి అనే కాలిబాటలో ఈ ఆరు కిలోమీటర్ల బాగోగులు ముప్పై ఏళ్ళుగా అతనివే. రంపపు మిల్లులో పనిచేసే రోజుల్లో మొదలుపెట్టాడు. జీతం లేదు. దారి చూపే గుర్తులన్నీ సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్ల మీద ఉండేవి. పురుగు తొలిచి ఆ చెట్లు బూడిదరంగు మోళ్ళయ్యాయి. సోమవారం వాటిని నరికే యంత్రం వస్తుంది. పై కూడలిలో గుర్తు లేకపోతే పొగమంచులో ఎటునుంచి వచ్చినవాళ్ళయినా బురదనేలలోకి దిగిపోతారు. అందుకే పద్నాలుగు గుంజలు పాతాడు. చివరిది కూడలిలో.

వెళ్ళేటప్పుడు గుంజకు ఒక ముఖాన, తిరిగివచ్చేటప్పుడు రెండో ముఖాన గుర్తు వేస్తాడు. ఒకేచోట నిలబడి రెండూ వేయడు. నడిచి వచ్చేవాడి కంటితో చూడందే గుర్తు ఎక్కడ పడాలో తెలియదని అతని నమ్మకం. పైగా తడి ఆరకుండా అచ్చు తిప్పితే రంగు అలుక్కుపోతుంది. ఆ అచ్చును బిస్కట్ల డబ్బా మూతలోంచి కత్తిరించింది అతని భార్య రోస్విటా. ఆమె పోయి నాలుగేళ్ళు.

ఎనిమిదో గుంజ దాటాక సత్రం. గుమ్మంలో సత్రం నడిపే గుడ్రున్ బల్లలు తుడుస్తోంది.

"ఏమయ్యా ఓర్ట్విన్, ఫోన్ల కాలంలో ఇంకా ఆ ముసలిదాన్ని మోసుకు తిరుగుతున్నావా?"

"చలికి నీ ఫోన్ చచ్చిపోతుంది. ఇది చావదు."

"మొహం పాలిపోయింది. బఠాణీ సూప్ దించాను, తాగి వెళ్ళు."

"వచ్చేటప్పుడు."

"ఎప్పుడూ అదే మాట! రోస్విటా నిన్నెట్లా భరించిందో!"

"చల్లారిన సూప్ పోసి," అన్నాడు. గుడ్రున్ నవ్వుతుంటే ఎక్కడం మొదలుపెట్టాడు.

పదకొండో గుంజ దగ్గర ఎడమచెయ్యి బరువెక్కింది. పన్నెండో దాని దగ్గర రంగు డబ్బాను కుడిచేతికి మార్చుకున్నాడు. కూడలి చేరేసరికి ఒళ్ళంతా చల్లటి చెమట. పద్నాలుగో మంత్రగత్తెను వేశాక గుంజను పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. వచ్చిన దారిని చూశాడు. ఇటువైపు నుంచి గుంజలన్నీ ఉత్త చెక్కలే. పొగమంచు వాటిని ఒక్కొక్కటిగా మింగుతోంది.

అచ్చును తుడవకుండానే తిప్పాడు. గుంజకు అటువైపు వెళ్ళి రెండో ముఖాన అద్దాడు. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి. మంత్రగత్తె ముక్కు అలుక్కుపోయింది. దాన్ని సరిచేయలేదు. కింద రాయి మీద కూర్చుని, గుంజకు వీపు ఆనించాడు.

సత్రం మూసేవేళకు సూప్ గిన్నె మీద బోర్లించిన పళ్ళెం అలాగే ఉంది. గుడ్రున్ కోటు వేసుకుని పైకి నడిచింది. అతని భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు.

మనుషులు వచ్చి అతన్ని దించుకుపోతుంటే ఆమె వెనకే నడిచింది. దారి పొడవునా గుంజల మీద ఒక్క గుర్తూ ఎదురురాలేదు.

కూడలిలో, గుంజ మొదట్లో, నాచు మీద రేకు అచ్చు పడి ఉంది. రెండు వైపులా తడిగా, చీపురు సందులో ఒక ఎండిన స్ప్రూస్ ఆకు అంటుకుని.