పదకొండు వందల మందికి నంబర్లు

ఇలోయిలో నగరంలోని ఆ ఆస్పత్రికి ఎవరు ఫోన్ చేసినా ఇరవై ఆరేళ్లుగా మొదట వినిపించే గొంతు లెటీసియా పల్మారెస్‌ది. ఏ వార్డుకు ఏ వేళప్పుడు ఎవరు కావాలో ఆమెకు కొట్టిన పిండి. ప్రసూతి వార్డు నుంచి నర్సు "మనాంగ్..." అని గొంతు సవరించుకునేలోపే రక్తనిధికి లైను కలిపేసేది. ఆస్పత్రిలో చిన్నవాళ్లందరికీ ఆమె మనాంగే, అంటే అక్కే.

ఆ ఏడాది యాజమాన్యం టెలిఫోన్ గదిని మూసేయాలని నిర్ణయించింది. ఇకపై ఫోన్లు, సందేశాలు, సమావేశాలు అన్నీ ఒకే ఆప్‌లో జరుగుతాయి. లెటీసియానూ, ఆమెతో పనిచేసే ముగ్గురు ఆపరేటర్లనూ పాత రికార్డుల గదికి పంపుతామన్నారు.

ఆప్ వచ్చి నెల తిరిగింది. పదకొండు వందల మంది సిబ్బందిలో అందులో తమ కాంటాక్టుల జాబితా తయారు చేసుకున్నవాళ్లు నలభై మంది కూడా లేరు. ఎవరి జాబితా వాళ్లే చేసుకోవాలని కంప్యూటర్ విభాగం అధిపతి ఎల్మర్ మూడుసార్లు సందేశం పెట్టాడు. నర్సులకు అంత తీరికెక్కడిది? అవసరం పడినప్పుడల్లా అందరూ మళ్లీ టెలిఫోన్ గదికే ఫోన్ చేసేవారు.

ఈ సంగతి సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు లెటీసియా లేచి నిలబడింది.

"జాబితాలు నేను చేస్తాను సర్. అందరివీ."

ఎల్మర్‌కు నవ్వొచ్చింది. "పదకొండు వందల మందివా మనాంగ్? కూర్చుని టైప్ చేస్తూ పోతే మీరు రిటైరయ్యే నాటికి అవుతాయి."

"టైప్ చెయ్యను. ప్రోగ్రాం రాస్తాను."

గదిలో ఎవరో దగ్గారు. రెండేళ్లుగా ప్రతి శనివారం ఆమె ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నట్టు ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఇది ప్లగ్గు పీకి ఇంకోచోట గుచ్చే పని కాదు మనాంగ్," అన్నాడు ఎల్మర్.

"ప్లగ్గులు పోయి పదిహేనేళ్లయింది సర్. మా గదికి ఎప్పుడైనా వచ్చుంటే తెలిసేది."

అందరూ గొల్లున నవ్వారు. ఎల్మర్ చెవులు ఎర్రబడ్డాయి, అయినా కాదనలేదు. "ఒక్క వార్డుకి అనుమతిస్తా. తేడా వచ్చిందా, అక్కడితో ఆపేద్దాం."

వారం రోజులపాటు నలుగురు ఆపరేటర్లూ ఒక పట్టిక ముందేసుకుని కూర్చున్నారు. ఏ వార్డుకు ఎవరు కావాలి, ముందు ఎవరు, తర్వాత ఎవరు. ప్రసూతి వార్డుకైతే ముందు రక్తనిధి, తర్వాత మత్తు డాక్టరు, ఆ తర్వాత పిల్లల డాక్టరు. ఆస్పత్రి కాగితాల్లో ఎక్కడా లేని విషయమిది. ఆ నలుగురి బుర్రల్లోనే ఉంది. లెటీసియా ప్రోగ్రాం ఆ పట్టికను వరసగా చదివి, ఆప్‌లో ప్రతి మనిషి ఖాతాలో ఒక జాబితా తెరిచి, పేర్లు అదే వరసలో నింపాలి.

మొదట ప్రసూతి వార్డు మీద ప్రయోగించారు. పది నిమిషాలకు హెడ్ నర్సు జాస్మెరీ నుంచి ఫోను.

"మనాంగ్, ఇక్కడ పురుడు పోయాలా, పెళ్లి వంట చెయ్యాలా? మొదటి పేరు గుడ్లవాడిది, రెండోది బియ్యం కొట్టుది, మూడోది గ్యాస్ సిలిండర్లవాడిది!"

"ఇందై, నవ్వకు. ఒక్క నిమిషం ఆగు," అంది లెటీసియా. ఇందై అంటే చెల్లెమ్మా అని.

"నేను ఆగుతాను. లోపల బిడ్డ ఆగొద్దూ?"

లెటీసియా పట్టికను మళ్లీ మొదటి నుంచి చదివింది. పైనున్న శీర్షికల వరసను కూడా ప్రోగ్రాం ఒక వార్డుగా లెక్కేసుకుంది. దాంతో ప్రసూతి వార్డుకు పై వరస పేర్లు వెళ్లాయి. పట్టికలో ప్రసూతి వార్డుకు పైన వంటశాల ఉంది మరి. ఆమె ఒక్క పంక్తి మార్చింది. అంతలో ఎల్మర్ ఆయాసపడుతూ లోపలికొచ్చాడు.

"గుడ్ల సంగతి విన్నాను. తప్పెక్కడుందో దొరికిందా?"

"దిద్దేశాను కూడా."

"ఎంతసేపు పట్టింది?"

"మీరు మెట్లెక్కి వచ్చేంతసేపు."

అతను వార్డుకు వెళ్లి స్వయంగా చూసొచ్చాడు. ఆపేద్దామన్న మాట ఎత్తలేదు.

మంగళవారం పొద్దున మిగతా అందరికీ మొదలుపెట్టారు. మూడు వందల మంది దాటాక ప్రోగ్రాం ఠక్కున ఆగిపోయింది. ఒక్కసారిగా అన్ని పనులు అడిగితే చేయలేనని ఆప్ మొరాయించింది. ఎల్మర్ వెనకాలే నిలబడి ఉన్నాడు. ఒకేసారి పది లైన్లు మోగితే ఒక్కొక్కరినీ ఆగమని చెప్పి వరసగా కలపడం లెటీసియాకు నిత్యకృత్యం. ప్రోగ్రాంకూ అదే నేర్పింది. కాదంటే కాసేపాగి మళ్లీ అడగాలి, ఇప్పటికే జాబితా అందినవాళ్ల జోలికి పోకూడదు. మధ్యాహ్నం బాచోయ్ గిన్నెలు వచ్చేసరికి పదకొండు వందల మందికీ జాబితాలు చేరాయి. నలుగురాడవాళ్లూ చల్లారిన ఆ సూపునే లొట్టలేసుకుంటూ తాగారు.

మూడో రోజున జాస్మెరీ టెలిఫోన్ గదికి పరుగున వచ్చింది. కాన్పయిన ఒక తల్లికి ఉన్నట్టుండి రక్తస్రావం మొదలైందట.

"జాబితాలో పైనున్న ముగ్గురినీ వరసగా నొక్కాను మనాంగ్. నిమిషాల్లో అందరూ వచ్చేశారు. ఎవరికి చెయ్యాలా అని ఆలోచించే పనే పడలేదు. లైన్లో మీరే ఉన్నట్టనిపించింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు."

లెటీసియా లేచి, అవతల గదిలో ఉన్న ముగ్గురినీ చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"ఇందై, ఇప్పుడు చెప్పిందే ఇంకోసారి చెప్పు. వీళ్లు కూడా విననీ."

నెలాఖరు సమావేశంలో ఈ ప్రోగ్రాం ఎవరిదని డైరెక్టరు అడిగింది. మా విభాగానిదని ఎల్మర్ అనేసి ఊరుకోవచ్చు.

"లెటీసియా పల్మారెస్‌ది, డాక్టర్. నేను నవ్వాను కూడా. ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

రికార్డుల గది మాట అక్కడితో పోయింది. నలుగురినీ కంప్యూటర్ విభాగంలోకి తీసుకున్నారు. గిమరాస్ దీవిలోని శాఖ వాళ్లకూ ఇలాంటి జాబితాలు కావాలట, ప్రోగ్రాం పంపించేస్తే చాలంది డైరెక్టరు.

"పంపితే సరిపోదు డాక్టర్. అక్కడ ఎవరికి ఎవరు కావాలో అక్కడి ఆపరేటర్లకే తెలుసు. వాళ్లతో కూర్చోవాలి. నేనే వెళ్తాను."

సోమవారం లాప్‌టాప్‌కు రెండు పొరల ప్లాస్టిక్ సంచి చుట్టి, ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుంది. నీళ్ల తుంపర్లు మొహాన కొడుతున్నాయి.

"ఆస్పత్రికా మనాంగ్? ఎవరికి బాగోలేదు?" అని అడిగాడు పడవవాడు.

"అందరూ బాగానే ఉన్నారు," అంది లెటీసియా. "నేను ప్రోగ్రామర్ని."

ఇంజను మోతలో అతనికి వినపడలేదు. ఆమె ఇంకాస్త గట్టిగా, మళ్లీ చెప్పింది.