నలభై మీద టీవీ

విజయరాణి చీరకు రాళ్లు అంటిస్తున్నా ఆమె కుడి చెవి మాత్రం ఎప్పుడూ టీవీ మీదే. సౌండు పదిహేను దాటి ఇరవై, ముప్పై, నలభై ఎక్కిందంటే దెబ్బ పడబోతున్నట్టే. ఆ ఉపాయం అత్త వెంకటవ్వది. "కొడ్తె కొట్టు గని, టీవీ జర పెద్దగ పెట్టు బిడ్డా. పక్కోళ్లు ఇంటరు" అంది కొడుకుతో, కోడలి ఎదుటే. ఎంత పరువు గల కొంపో చూడండి.

మొగుడు పరమేశ్ చెవులను మరమగ్గాల కార్ఖానాలో ఇరవై ఏళ్ల సాంచెల మోత తినేసింది. మెల్లగా చెబితే వినపడదు. గట్టిగా చెబితే "ఏందే, గొంతు లేస్తుంది?" అని కొడతాడు. పోయిన ఏడు అలా కొట్టిందానికే ఆమె ఎడమ చెవి నెత్తురు కారి వినపడకుండా పోయింది. రెండోదైనా కాపాడుకోమంది డాక్టరమ్మ. ఎలాగో చెప్పలేదు.

ఆ మిగిలిన చెవితోనే రోజూ మధ్యాహ్నం మూడింటికి సంతోషి నడిపే రేడియో వింటుంది. వలస వచ్చిన నేతగాళ్లుండే ఈ పర్వత్ పాటియాలోనే పుట్టి కాలేజీ చదివిన పిల్ల సంతోషి. ఫోన్లో వచ్చే ఆ రేడియోలో మాటల్లేవు, పాటల్లేవు. గల్లీ ఆడవాళ్లు పంపే చప్పుళ్లే. కత్తెర, బిందెలో పడే నీళ్లు, ఎవరిదో మూలుగు. ఎవరైనా బటన్ నొక్కి తమ ఇంటి చప్పుడు అప్పటికప్పుడు కలపొచ్చు. "మాట్లాడితె పట్టుకుంటరు ఆంటీ. ఉత్త ఆవాజ్ పంపు. దానికి పేరుండది" అని నేర్పింది సంతోషి.

విజయరాణి ఒకనాడు టీవీ నలభైకి ఎక్కే చప్పుడు పంపింది. మర్నాటికి దెబ్బల్ని కప్పే అలాంటి చప్పుళ్లే తొమ్మిది ఇళ్ల నుంచి వచ్చాయి. ఒక ఇంట్లో మిక్సీ, ఒక ఇంట్లో భజన, మిగతావన్నీ టీవీలే. తన ఒక్కదాని ఖర్మ అనుకుందిన్నాళ్లూ. ఆ పూట రాళ్లు అంటించలేక ఏడ్చింది.

పెళ్లాం ఇంటి చప్పుళ్లు ఫోన్లో గల్లీకి పంపుతోందని కార్ఖానాలో ఎవడో పరమేశ్ చెవిలో ఊదాడు. ఆదివారం సాంచెలు బంద్. సరిగ్గా మూడింటికి వచ్చి, జుట్టు పట్టి లేపి, ఆమె తలను గోడకేసి కొట్టాడు. గమ్ము గిన్నె ఒలికింది. తెల్లటి చీర మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

"నా ఇజ్జత్ గల్లీల పెడ్తవా? ఇయాల ఆ రెండో చెవు గూడ పలగ్గొడ్త" అంటూ రిమోటు అందుకున్నాడు.

టీవీ ముప్పై దాటింది. ఆమె మోకాళ్ల మీద పాకి ప్లగ్గు పీకేసింది. ఫోన్లో బటన్ నొక్కి గడప మీద పెట్టి తలుపు బార్లా తెరిచింది. అతను డొక్కలో తన్నాడు. ఆ చప్పుడు, ఆమె కేక, రెండూ ఇంటింటా ఫోన్లలోకి వెళ్లాయి.

గల్లీలో అరుస్తున్న టీవీలు ఒక్కొక్కటే ఆగాయి. చెవులు సరిగా వినపడని పరమేశ్‌కు ఆ సంగతి తెలియలేదు. గుమ్మాల్లోకి వచ్చి తనవైపే చూస్తున్న ఆడవాళ్లను చూశాకే ఎత్తిన చెయ్యి గాల్లో ఆగింది.

విజయరాణి గోడ పట్టుకుని లేచింది.

"ఇగ కొట్టు" అంది, మామూలు గొంతుతో.

మొగుడికి వినపడేలా అరవడం ఆమె ఆ రోజుతో మానేసింది; వినేవాళ్లు గల్లీ నిండా ఉన్నారు.